బొమ్మ పాతదే... హక్కు తీరిందా?

పాత చిత్రాన్ని పుస్తకం అట్టకు ఎక్కించాలన్నా, పత్రికలో అచ్చువేయాలన్నా, డాక్యుమెంటరీలో చూపించాలన్నా రెండు సంగతులు తేలాలి. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేశారన్నది ఒకటి. దానిమీద కాపీరైట్ ఇంకా నడుస్తోందా, గడువు తీరి పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే అందరి సొత్తులోకి వచ్చేసిందా అన్నది రెండోది. మొదటిది చరిత్రకారుల పని, రెండోది లాయర్ల పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటిది తేలితే రెండోది చాలావరకు వేళ్లమీద లెక్కే. మొదటిది తేలకపోతే ఎన్ని సెక్షన్లు చదివినా ఆ లెక్క మొదలు కాదు.

1876-78 నాటి ధాత కరువు ఫొటోలను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టిన ఆ కరువు రోజుల్లో మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలోబీ వాలెస్ హూపర్ క్షామపీడితులను ఫొటోలు తీశాడు. ఎముకలగూడుగా మారిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి తీసిన ఆ ఫొటోల తీరు మీద విమర్శలూ వచ్చాయి. ఇప్పుడు అవే ఫొటోలు 1943 నాటి బెంగాల్ కరువు పేరుతో సోషల్ మీడియాలో, అప్పుడప్పుడు పత్రికల్లో కూడా తిరుగుతుంటాయి. రెండు కరువులకూ మధ్య అరవై ఏళ్లకు పైగా దూరం ఉంది. రాయలసీమ, మద్రాసు ప్రాంతాల ఆకలి మరొక ప్రాంతం ఖాతాలో పడిపోయింది.

ఈ తప్పు చరిత్రతో ఆగదు. హూపర్ 1912లో చనిపోయాడు, కాబట్టి ఆయన ఫొటోల మీద హక్కు ఎప్పుడో తీరింది. బెంగాల్ కరువును కెమెరాకెక్కించినవారిలో ముఖ్యుడు సునీల్ జానా. ఆయన ఫొటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో అచ్చయ్యాయి. ఆయన 2012 దాకా జీవించారు. ఆయన తీసిన ఫొటోలు ఏ ఏడాది అచ్చయ్యాయి, అసలు అప్పట్లో అచ్చయ్యాయా లేదా అన్న ప్రశ్నలన్నీ వేసుకోవాలి. పేరు ఒక్కటి తారుమారైతే లెక్క మొత్తం మారుతుంది.

టిప్పు సుల్తాన్ ‘అసలు ఫొటో’ అంటూ తిరిగేదాని కథ ఇంకా తేలిక. టిప్పు చనిపోయింది 1799లో. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైంది 1839లో. ఆ ఫొటోలోని మనిషి జాంజిబార్‌కు చెందిన బానిసల వ్యాపారి టిప్పు టిప్. పేరు కలవడమే కొంప ముంచింది.

చట్టం చెప్పే లెక్క

భారతదేశంలో ఇప్పుడు నడుస్తున్నది 1957 నాటి కాపీరైట్ చట్టం. అది 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1911 నాటి బ్రిటిష్ చట్టమే 1914 చట్టం పేరుతో ఇక్కడ నడిచింది. పెయింటింగు, డ్రాయింగు వంటి చిత్రాలకు ఈ చట్టంలో గడువు చిత్రకారుడి జీవితకాలం, దానిపై 60 ఏళ్లు. చనిపోయిన తేదీ నుంచి కాదు, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క మొదలవుతుంది. అందువల్ల హక్కులు ఎప్పుడూ డిసెంబరు 31నే తీరుతాయి.

మొదట ఈ 60 ఏళ్లు 50గానే ఉండేవి. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో చనిపోయారు. ఆయన రచనల మీద హక్కు 1991 చివరికి తీరిపోవాల్సి ఉండగా, సరిగ్గా ఆ వారంలోనే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం చేసి మరో పదేళ్లు కలిపింది. విశ్వకవి కోసం వచ్చిన ఆ పదేళ్లు దేశంలోని ప్రతి చిత్రకారుడికీ దక్కాయి. అయితే అప్పటికే గడువు తీరినవారికి, అంటే 1940లో గానీ అంతకుముందు గానీ చనిపోయినవారికి హక్కు మళ్లీ పుట్టలేదు.

ఈ లెక్కను తెలుగు చిత్రకారులకు వేసి చూడవచ్చు. రాజమహేంద్రవరం గర్వించే దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయారు. ఆయన హక్కు పాత 50 ఏళ్ల లెక్కన 1975తోనే ముగిసింది. అడివి బాపిరాజు 1952లో పోయారు, ఆయన చిత్రాలు 2013 జనవరి 1న అందరివీ అయ్యాయి. వడ్డాది పాపయ్య 1992లో కన్నుమూశారు, కాబట్టి ఆయన బొమ్మలు 2052 చివరి దాకా హక్కులో ఉంటాయి. బాపు బొమ్మలకైతే 2074 దాకా గడువుంది. ‘వపా’ బొమ్మలను పాతకాలపు బొమ్మలన్న ధీమాతో పెళ్లిపత్రికల మీదా క్యాలెండర్ల మీదా వేసుకునేవారికి ఈ సంగతి తెలిసినట్టు కనిపించదు.

‘చందమామ’ బొమ్మల విషయంలో మరో మెలిక ఉంది. పత్రిక ఉద్యోగంలో భాగంగా గీసిన బొమ్మను పత్రికల్లో వేసుకునే హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థది, మిగతా హక్కులు గీసినవాడివి. గడువును మాత్రం సంస్థ ఆయుష్షుతో కొలవరు, గీసినవాడి ఆయుష్షుతోనే కొలుస్తారు. విక్రమ భేతాళుల బొమ్మతో తరతరాలకు గుర్తుండిపోయిన శంకర్ 2020లో చనిపోయారు. ఆయన గీతల మీద హక్కు ఎవరి చేతిలో ఉన్నా 2080 చివరిదాకా ఉంటుంది. పత్రిక ఆగిపోయింది కదా, ఇక అడిగేవాళ్లెవరు అనుకోవడం లౌక్యమే కానీ చట్టం కాదు.

ఫొటోలకు వేరే గడియారం

ఎక్కువమంది తడబడేది ఫొటోల దగ్గరే. 1911 చట్టంలో ఫొటోకు హక్కు, నెగెటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్లు. 1957 చట్టం దాన్ని ప్రచురణతో ముడిపెట్టింది. మొదట 50, ఆ తర్వాత 60 ఏళ్లు. 2012 జూన్ 21న అమల్లోకి వచ్చిన సవరణ ఫొటోలను కూడా పెయింటింగుల గాటనే కట్టేసింది. అప్పటి నుంచి ఫొటోగ్రాఫర్ జీవితకాలంపై 60 ఏళ్లు. అప్పటికే గడువు తీరిన ఫొటోలను మాత్రం సవరణ ముట్టుకోలేదు.

దీంతో 1951 ఒక సరిహద్దు గీత అయింది. ఆ ఏడాది చివరిలోగా అచ్చయిన ఫొటోలకు 60 ఏళ్లు 2011తో పూర్తయ్యాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసు చర్య రోజుల్లో పత్రికల్లో వచ్చిన ఫొటోలు ఈ గీతకు అవతల ఉన్నాయి, వాటితో చిక్కు లేదు. సునీల్ జానా ఫొటోల్లో 1943లో అచ్చయినవి కూడా ఇక్కడ ఏ లెక్కన చూసినా తీరినట్టే: నెగెటివ్ నుంచి 50 అయితే 1993, ప్రచురణ నుంచి 60 అయితే 2003. అచ్చుకాకుండా మిగిలిన నెగెటివ్‌ల సంగతి వేరుగా చూడాలి.

1953 అక్టోబరు 1న కర్నూలులో జరిగిన ఆంధ్రరాష్ట్ర అవతరణ ఫొటోలు గీతకు ఇవతల పడతాయి. ఇక్కడ ఒకే వేదికను, ఒకే నిమిషంలో తీసిన రెండు ఫొటోలకు రెండు లెక్కలు. ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ తీసి ప్రభుత్వం అప్పుడే ప్రచురించినదైతే అది ప్రభుత్వ కృతి. దానికి ప్రచురణ నుంచి 60 ఏళ్లే, కాబట్టి 2013తో సరి. పక్కన నిలబడి సొంతంగా తీసుకున్న ఫొటోగ్రాఫర్‌దైతే ఆయన ఎప్పుడు చనిపోయాడో తెలియాలి. తీసినవాడి పేరు తెలియకుండానే అచ్చయినదైతే అజ్ఞాత కృతుల నిబంధన వర్తిస్తుంది, ప్రచురణ నుంచి 60 ఏళ్లు. ఆ గడువులోగా పేరు బయటపడితే మళ్లీ జీవితకాలం లెక్కే. అందుకే ఫొటో వెనుక ఉన్న రబ్బరు స్టాంపు ముందున్న బొమ్మంత ముఖ్యం.

డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. స్టూడియోలో దిగిన కుటుంబ ఫొటో స్టూడియోది కాదు, కుటుంబానిది. పత్రికల్లో జీతానికి పనిచేసే ఫొటోగ్రాఫర్ల విషయంలోనూ చట్టం హక్కును చీల్చింది. పత్రికలో వేసుకునే హక్కు యజమానిది, మిగతా హక్కులు తీసినవాడివి. పాత దినపత్రిక ఫొటోను పుస్తకంలో వాడదలచినవారు ఒక్క పత్రికను అడిగితే సరిపోకపోవచ్చు.

ఒక రాయి, అయిదు పొరలు

పాత బొమ్మ అని చేతికి వచ్చేది చాలాసార్లు ఒక్క బొమ్మ కాదు, ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలు. అమరావతి శిల్పాలను తీసుకుంటే ఇది కంటికి కనిపిస్తుంది. రాయిని చెక్కినవాడు దాదాపు రెండు వేల ఏళ్ల నాటివాడు, అతడి పేరు ఎవరికీ తెలియదు. 1816-17లో కాలిన్ మెకంజీ బృందంలోని చిత్రకారులు ఆ శిల్పాలను కాగితం మీద గీశారు. ఆ ఆల్బం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు తరలించిన రాళ్లను 1858లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. 1868లో జేమ్స్ ఫెర్గూసన్ తన పుస్తకంలో వాటి చిత్రాలు అచ్చువేశాడు. వాటిలో చాలా రాళ్లు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, అక్కడి ఫొటోగ్రాఫర్లు కొత్తగా రంగుల్లో తీశారు.

మొదటి నాలుగు పొరల్లో ఎవరి హక్కూ మిగల్లేదు. అయిదోదాని సంగతి అలా కాదు. శిల్పానికి ముందూ వెనకా ఉంటాయి, నీడ ఉంటుంది. వెలుతురు ఎటు నుంచి పడాలి, కెమెరా ఎక్కడ నిలవాలి అన్నది తీసేవాడి నిర్ణయం. కాబట్టి రెండు వేల ఏళ్ల నాటి శిల్పానికి నిరుడు తీసిన ఫొటో నిరుటి కృతే. బ్రిటిష్ మ్యూజియం తన ఫొటోలను వ్యాపారేతర వాడకానికి మాత్రమే షరతులతో ఇస్తుంది. ప్రాచీన శిల్పమే కదా అని ఆ ఫొటోను అమ్మకపు పుస్తకానికి అట్టగా వేస్తే చిక్కులో పడవచ్చు. ట్రైప్ 1858లో తీసినదాన్ని వెతికి వేసుకుంటే ఆ బెడద ఉండదు. ఆ నలుపు తెలుపుల్లో శిల్పం మరింత నిండుగా కనిపిస్తుంది కూడా.

రవివర్మ ముద్ర ఉన్నదంతా రవివర్మది కాదు

ఇళ్లలో దేవుడి పటాలుగా మిగిలిన రంగుల అచ్చుల్లో సగానికి సగం ‘రవివర్మ బొమ్మలు’గానే చలామణీ అవుతాయి. రాజా రవివర్మ 1906 అక్టోబరు 2న చనిపోయారు. ఆయన చేతి చిత్రాల మీద హక్కు 1956 చివరికే తీరింది. చిక్కంతా ప్రెస్సు పేరుతో వచ్చింది. 1894లో తమ్ముడు రాజరాజవర్మతో కలిసి ఆయన బొంబాయి గిర్గావ్‌లో లిథో ప్రెస్సు పెట్టారు. తర్వాత దాన్ని లోనావలా దగ్గరి మలవ్లీకి మార్చారు. నష్టాలు తట్టుకోలేక జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మేశారు. ప్రెస్సు చేతులు మారినా పేరు మారలేదు. రవివర్మ పోయిన తర్వాత కూడా దశాబ్దాల పాటు ఎందరో చిత్రకారుల బొమ్మలు ‘రవివర్మ ప్రెస్’ అన్న అక్షరాలతో మార్కెట్లోకి వచ్చాయి.

కాబట్టి పటం కింద ‘రవివర్మ ప్రెస్’ అని ఉంటే అది అచ్చువేసినచోటు చెబుతుంది, గీసినవారి పేరు కాదు. బొమ్మలోపల మూలన సంతకం ఉందా, ఎవరిది అన్నది చూడాలి. ఆ ప్రెస్సుకు బొమ్మలిచ్చిన ఎం.వి. ధురంధర్ 1944లో పోయారు, ఆయన గడువు 2004లో తీరింది. దక్షిణాదిన కోవిల్‌పట్టిలో ఉండి శివకాశి క్యాలెండర్లకు దేవతల బొమ్మలు గీసిన కొండయ్యరాజు 1976లో పోయారు, ఆయన బొమ్మలు 2036 దాకా హక్కులో ఉంటాయి. మూడూ పక్కపక్కన పెడితే ఒకే కాలపు పటాల్లా కనిపిస్తాయి.

పటం కట్టించేటప్పుడు అంచులు కత్తిరించేయడం వల్ల కింది అక్షరాలు పోతాయి. చెమ్కీలు, జరీ అతికించిన పటాల్లోనైతే సంతకం చీర కుచ్చెళ్ల కిందకు చేరిపోతుంది. అలాంటప్పుడు అదే అచ్చుకు చెక్కుచెదరని మరో ప్రతిని వెతకడం తప్ప దారి లేదు.

కాగితమే చెప్పే సాక్ష్యం

రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన పాత ఇంగ్లిష్ చిత్రాల కింద సన్నని అక్షరాల వరుస ఉంటుంది. ఎడమ మూలన గీసినవారి పేరు పక్కన లాటిన్‌లో ‘పింక్సిట్’ అనో ‘డెలినియావిట్’ అనో, కుడి మూలన చెక్కినవారి పేరు పక్కన ‘స్కల్ప్సిట్’ అనో ఉంటుంది. నడుమ ప్రచురణకర్త పేరు, తేదీ. ఇది అలంకారం కోసం పెట్టింది కాదు. చిత్రకారుడు హోగార్త్ పోరాడి సాధించుకున్న 1735 నాటి ఇంగ్లిష్ చట్టం, రక్షణ కావాలంటే ప్రతి రేకు మీదా తేదీ, హక్కుదారు పేరు ఉండాలని కోరింది. 1795-1808 మధ్య డేనియల్ బంధుద్వయం వెలువరించిన ‘ఓరియంటల్ సీనరీ’ వంటి చిత్రమాలలను కాలక్రమంలో పేర్చడానికి ఈ వరుసలే ఆధారం.

భూతద్దం ఇంకో పరీక్ష. బొమ్మను పెద్దది చేసి చూస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతే అది హాఫ్‌టోన్ బ్లాకుతో అచ్చయినది. ఈ పద్ధతి 1880ల తర్వాతే వ్యాపించింది. అంటే చేతిలో ఉన్నది అసలు ఫొటో కాదు, ఏదో పుస్తకంలోనో పత్రికలోనో వచ్చిన పేజీ. ఇది నిరాశపడాల్సిన సంగతి కాదు. దాని వెనుక ఒక ప్రచురణ, ఆ ప్రచురణకొక ఏడాది ఉన్నాయని ఆ చుక్కలే చెబుతున్నాయి. చట్టానికి కావలసిందీ ఆ ఏడాదే. చుక్కలు లేకుండా మెత్తగా సాగిపోయే నలుపు, గోధుమ ఛాయలైతే అది నెగెటివ్ నుంచి తీసిన ప్రింటు కావచ్చు. దానికి అట్ట, వెనుక స్టాంపు వెతకాలి.

హైదరాబాదు ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా వెలిగిన దీన్‌దయాళ్‌కు ‘రాజా’ బిరుదు 1894లో వచ్చింది. కాబట్టి ‘రాజా దీన్‌దయాళ్’ అని ముద్రించిన అట్ట అంతకు ముందుది అయ్యే వీల్లేదు. అట్ట కొత్తదై లోపలి నెగెటివ్ పాతదయ్యే అవకాశం మాత్రం ఉంది. ఆయన 1905లో పోయినా కొడుకులు స్టూడియో నడిపారు, ఆ పేరుతోనే ఫొటోలు వెలువడ్డాయి. స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. పిక్చర్ పోస్టుకార్డులకూ ఇలాంటి ఆనవాలుంది. వెనుకభాగాన్ని ఉత్తరానికీ చిరునామాకూ రెండుగా చీల్చే నిలువుగీత బ్రిటన్‌లో 1902లో మొదలైంది, మిగతా దేశాలు ఆ తర్వాత అందుకున్నాయి.

తీగ పట్టుకుని వెనక్కి

ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మకు కాగితమే ఉండదు. అక్కడ మొదటి పనిముట్టు బొమ్మతోనే బొమ్మను వెతికే సెర్చి. 2008లో వచ్చిన టిన్‌ఐ, 2011 నుంచి గూగుల్ ఈ సౌకర్యం ఇస్తున్నాయి. టిన్‌ఐలో ఫలితాలను పాతవాటి వరుసలోనూ, పరిమాణంలో పెద్దవాటి వరుసలోనూ పేర్చుకోవచ్చు. రెండోదే ఎక్కువ పనికొస్తుంది. బొమ్మ చేతులు మారేకొద్దీ చిన్నదవుతుంది, అంచులు తెగుతాయి. పెద్ద ప్రతి దొరికిందంటే మూలానికి దగ్గరపడ్డట్టే. మొత్తం బొమ్మతో దొరకకపోతే ఒక ముఖమో, వెనకాల గోపురమో కత్తిరించి వెతకాలి. అద్దంలోలా ఎడమ కుడులు తిప్పి కూడా చూడాలి. గాజు నెగెటివ్‌లను తిరగేసి ప్రింటు వేసిన సందర్భాలు తక్కువేం కాదు. రంగులద్దిన ప్రతి, కృత్రిమ మేధతో ‘మెరుగుపరచిన’ ప్రతి దొరికితే వాటిని పక్కనపెట్టి నలుపు తెలుపుల అసలును వెతకడం మేలు. అద్దిన రంగు మీద కొత్త హక్కు ఉందనే వాదన రావచ్చు. మెరుగుపరచిన ముఖంలోని కనురెప్పలు యంత్రం ఊహించినవి కూడా కావచ్చు.

ఈ తీగ చివర దొరకాల్సింది ఏదో ఒక బ్లాగు కాదు, పోస్టులు పంచుకునే సైటు అంతకన్నా కాదు. ఒక గ్రంథాలయం లేదా మ్యూజియం కేటలాగు పేజీ, దానిమీద సంఖ్య ఉండాలి. లేదంటే పుస్తకం స్కాన్‌లోని పేజీ, దానితోపాటు టైటిల్ పేజీ ఉండాలి. వికీమీడియా కామన్స్‌లో బొమ్మ దొరికితే అక్కడ ‘మూలం’ అన్నచోట ఏముందో నొక్కి చూడాలి. అక్కడ మరో వెబ్‌సైటు లింకు తప్ప ఏమీ లేకపోతే పని సగంలోనే ఆగినట్టు. బ్రిటిష్ లైబ్రరీ 2013 డిసెంబరులో 17 నుంచి 19వ శతాబ్దం దాకా వచ్చిన పుస్తకాల్లోని పది లక్షలకు పైగా బొమ్మలను ఫ్లికర్‌లో పెట్టింది. యంత్రం పేజీల నుంచి కోసి తెచ్చిన బొమ్మలవి. ఏ బొమ్మ ఏ పుస్తకంలోదన్న వివరం పక్కనే ఉన్నా, పంచుకునేవారు దాన్ని వదిలేసి బొమ్మను మాత్రం పట్టుకుపోతారు.

తెలుగు పత్రికల బొమ్మలకు స్కాన్లు ఒక్కటే సరిపోవు. 1924లో మొదలైన ‘భారతి’, ‘ఆంధ్రపత్రిక’ సంవత్సరాది సంచికల వంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ప్రెస్ అకాడమీ సేకరణలోనూ చదవడానికి దొరికాయి కానీ, అక్షరాల కోసం నలుపు తెలుపుల్లో చేసిన స్కానులో రంగుల పుట మసిబొగ్గులా మారిపోతుంది. సంతకం అసలు కనబడదు. వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో అసలు సంచిక తిరగేయాల్సిందే. బొమ్మ ఉన్న పుటతో ఆగకుండా విషయసూచిక కూడా చూడాలి. చిత్రకారుడి పేరు చాలాసార్లు అక్కడే ఉంటుంది. బొమ్మ కనబడిన పుస్తకమే దాని మొదటి ప్రచురణ అనుకోకూడదు, అంతకు ముందటి కూర్పు ఉందేమో తేలాలి.

స్కాన్ చేసినవారికి హక్కుందా?

పాత చిత్రం మీద హక్కు తీరినా, దాన్ని జాగ్రత్తగా స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టిన సంస్థ ‘కాపీరైట్ మాది’ అని కింద రాసుకోవడం కద్దు. బల్లపరుపు చిత్రాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే అందులో కొత్త సృజన ఏముంది? 1999లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు బ్రిజ్‌మన్ ఆర్ట్ లైబ్రరీ, కోరెల్ సంస్థల కేసులో ఏమీ లేదనే తేల్చింది. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంలో ఇదే సూత్రాన్ని చట్టంలో రాసుకుంది. భారత సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోడక్ కేసు బొమ్మలది కాదు, తీర్పుల సంకలనాలది. కష్టపడినంత మాత్రాన కాపీరైట్ రాదు, కొంచెమైనా సృజన ఉండాలని కోర్టు అందులో చెప్పింది. ఆ గీటురాయి మీద యాంత్రికమైన స్కాను నిలవడం కష్టం.

అయితే మ్యూజియానికి ఫీజు కట్టి, షరతుల కాగితం మీద సంతకం పెట్టి తెచ్చుకున్న ఫైలు సంగతి వేరు. అది కాపీరైట్ కాదు, ఒప్పందం. సంతకం పెట్టినవారిని అది కట్టేస్తుంది. అలాగే కాపీరైట్ తీరడం వేరు, వస్తువు వేరు. అమృతా షేర్‌గిల్ 1941లో పోయారు, 2002 నుంచి ఆమె చిత్రాలను ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. ఆమె చిత్రాలు జాతీయ కళాసంపద కాబట్టి అసలు కాన్వాసును మాత్రం దేశం దాటించలేరు.

న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం 2017లో, స్మిత్‌సోనియన్ 2020లో లక్షల బొమ్మలను ఏ షరతూ లేకుండా విడుదల చేశాయి. అలాంటివాటికి ఉండే, హక్కులన్నీ వదులుకున్నామని చెప్పే సీసీ జీరో గుర్తు అన్నిటికన్నా గట్టి హామీ. ‘పబ్లిక్ డొమైన్ మార్క్’ అంటే ఆ సంస్థకు తెలిసినంతలో హక్కు లేదని. ఫ్లికర్ కామన్స్‌లో కనిపించే ‘తెలిసిన కాపీరైట్ ఆంక్షలు లేవు’ అన్నమాట ఇంకా బలహీనమైనది. అది హామీ కాదు, వాకబు ఫలితం మాత్రమే.

హక్కు లేని బొమ్మను ఫొటో ఏజెన్సీలు అమ్మడంలో నేరం లేదు, కొనేవారు తెలియక కొంటారంతే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ కరోల్ హైస్మిత్ తన వేలాది ఫొటోలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ద్వారా ప్రజలకు ఉచితంగా ఇచ్చేశారు. ఆమె తీసిన ఫొటోను ఆమె సంస్థ వెబ్‌సైటులో వాడినందుకు 120 డాలర్లు కట్టమని ఏజెన్సీ తరఫున ఆమెకే నోటీసు వచ్చింది. 2016లో ఆమె ఏజెన్సీల మీద దావా వేశారు, కాపీరైట్ కింద చేసిన వాదన నిలబడలేదు. హక్కు వదులుకున్నాక అమ్మవద్దనే అధికారమూ పోతుంది.

సముద్రం దాటితే

కాపీరైట్ ఏ దేశానికాదేశమే. బ్రిటన్‌లోనూ ఐరోపా దేశాల్లోనూ చిత్రకారుడి తర్వాత 70 ఏళ్లు. మూలదేశంలో గడువు తీరితే తమ దగ్గరా తీరినట్టే లెక్కించే దేశాలున్నాయి, అమెరికా వాటిలో లేదు. అక్కడ పాత ప్రచురణలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1930లో అచ్చయినవి 2026 జనవరి 1న విడుదలయ్యాయి. విదేశీ కృతులకు 1996 జనవరి 1 కీలకమైన తేదీ. ఆ రోజుకు స్వదేశంలో హక్కు బతికి ఉన్నవాటికి అమెరికా కూడా హక్కు కట్టబెట్టింది.

అమెరికాలో తెలుగు సంఘాలు మహాసభలకు ప్రత్యేక సంచికలు వేస్తుంటాయి. వాటిలో దామెర్ల రామారావు బొమ్మ వేస్తే ఇబ్బంది లేదు, ఆయన హక్కు 1996 నాటికే ఇక్కడ, భారతదేశంలో, ముగిసింది. 1940లో మొదటిసారి అచ్చయిన అడివి బాపిరాజు బొమ్మ మాత్రం 1996లో ఇక్కడ హక్కులోనే ఉంది. అందువల్ల విజయవాడలో అచ్చువేయడానికి అడ్డులేని ఆ బొమ్మకు డల్లాస్‌లో 2035 చివరిదాకా అనుమతి కావాలి.

ఎంత వెతికినా దొరకనివి

హక్కు ఉందని తెలుసు, హక్కుదారు ఎవరో తెలియదు. ఇలాంటి అనాథ చిత్రాలకు 2012లో సవరించిన 31ఏ సెక్షను దారి చూపింది. కృతికర్త చనిపోయినా, తెలియకపోయినా, హక్కుదారు దొరక్కపోయినా ప్రచురణకు లైసెన్సు కోరవచ్చు. ముందుగా దేశంలో ఎక్కువ భాగం చదివే ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. 2021 తర్వాత ఈ దరఖాస్తులు కమర్షియల్ కోర్టుకు చేరాయి. కోర్టు రాయల్టీ నిర్ణయిస్తుంది. సంచికలో ఒక్క బొమ్మ వేసుకోవడానికి ఇంత తతంగం ఎవరూ పెట్టుకోరు. పెద్ద ప్రచురణలకే ఇది అక్కరకొస్తుంది. మిగతావారికి ఆ బొమ్మ మానుకుని, తేదీ తెలిసిన మరో బొమ్మ వెతకడమే చవకైన దారి.

గడువు తీరిన బొమ్మకు అనుమతి తీసుకోవాలని చట్టం పట్టుబట్టదు. అయినా బొమ్మ కింద ఒక వరుస రాయాలి: చేసినవారు, ఏడాది, మొదట అచ్చయిన చోటు, అసలు ఉన్న సంస్థ, అక్కడి సంఖ్య. తర్వాత వెతికేవారికి అదొక్కటే తీగ. ధాత కరువు ఫొటో కింద హూపర్ పేరు, ఏడాది ప్రతిసారీ అచ్చయి ఉంటే అది బెంగాల్‌కు వలసపోయేది కాదు. సంచికలు వేసే సంఘాలు, పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు, పత్రికల డెస్కుల్లో పనిచేసేవారు ఈ ఒక్క వరుసకు చోటివ్వాలి. ‘సౌజన్యం: ఇంటర్నెట్’ అన్న మాటను ఇకనైనా మానేయాలి.